అయిపోని మట్టి

"కాగితం ఓపాలి గీస్తే అయిపోద్ది. రంగు ఓపాలి పూస్తే అయిపోద్ది. మట్టి అయిపోద్దేటి?" అని నేను.

"అత్తా, డ్రాయింగు టీచర్ని నేను. బడికి ఏటి కొనాలో నాకొగ్గెయ్యి," అని నా కోడలు పద్మజ.

"టీచరివి కాదన్నానేటి? సాయంత్రం బొమ్మలన్నీ సితక్కొట్టి ముద్ద సేసెయ్. మర్నాడు మళ్ళీ కొత్త మట్టి. ఏడాదంతా అదే ముద్ద."

"ఎవులు సితక్కొడతారు?"

"నేను కొడతాను. రోకలి తెచ్చుకోని మరీ కొడతాను."

ఈ ఆఖరి మాట కాస్త గుర్తుంచుకోండి. మనిషిని ముంచడానికి వరద అక్కర్లేదు, ఇలాంటి మాట ఒకటి చాలు.

పద్మజ పనిచేసే బడి బెంగాల్లోని మా రైల్వే ఊళ్ళో, ట్రాఫిక్ అనే పేటలో ఉంది. పిల్లల్లో సగం మంది రైలు ఉద్యోగాల కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మనవాళ్ళ మనవలు, మిగతా సగం బెంగాలీలు, హిందీ వాళ్ళు. అక్కడి పెద్ద టీచరమ్మను అందరూ బొరోదీ అంటారు, అంటే పెద్దక్క. ఆవిడ ఏడో తరగతి లెక్కల మాస్టారి దగ్గర శుక్రవారం ఆఖరి పీరియడు లాక్కుని పద్మజకు ఇచ్చింది. పూర్తిగా ఇవ్వలేదు. సామాను ఏం కావాలో ఎంచుకో, ఒక క్లాసు చెప్పు, మర్నాడు వచ్చి చూస్తాను, నచ్చితే డ్రాయింగు ఉంటుంది, నచ్చకపోతే పీరియడు మళ్ళీ లెక్కలకే అంది. పద్మజ అయిదేళ్ళుగా ఆ ఒక్క పీరియడు కోసం కాళ్ళరిగేలా తిరిగింది.

అందుకని నా కోడలు దుకాణాలన్నీ తిరిగి రంగుల పెట్టెలు, కుంచెలు, మందపాటి కాగితాలు నమూనాకు తెచ్చి మా హాల్లో పరిచింది. పాత క్యాలెండరు వెనకవైపు పాలలెక్క రాసుకునేదాన్ని నేను. పూలపొట్లం దారం కూడా ఉండచుట్టి దాస్తాను. అంత తెల్లటి కాగితాన్ని పిల్లలు పాడుచేయబోతున్నారంటే నాకు అన్నం సహించలేదు.

పద్మజ వినలేదు కదా, టిఫిను ఇచ్చే వంకన తిన్నగా బొరోదీ దగ్గరికే వెళ్ళాను. నాకొచ్చిన బెంగాలీలో "మాటి శేష్ హొయ్ నా" అన్నాను. మట్టి అయిపోదు అని. ఆవిడా నాలాంటి మనిషే, ఒక్క సుద్దముక్కను వారం వాడుతుంది. ఠీక్ హై మాసీమా, అంటే సరే పిన్నిగారూ, అయితే అదే మట్టితో రెండు రోజులు రెండు క్లాసులు చేసి చూపించండి అంది. పద్మజ నా వైపు ఎర్ర సిగ్నల్లా చూసింది. ఆగానా? ఆగితే ఈ కథెందుకు?

దుర్గమ్మ విగ్రహాలు చేసే గోపాల్ దాదా పాకలో పూజలయ్యాక మిగిలిన మట్టి గుట్టగా పడుంది. ఒక సీసా ఆవకాయ ఇచ్చి టోటో బండి, అదే బ్యాటరీ రిక్షా, దాని నిండా మట్టి ఎత్తించుకొచ్చాను. దాదాను బాగా బోల్తా కొట్టించానని దారంతా నాలో నేనే నవ్వుకున్నాను.

శుక్రవారం మట్టికి కాపలాగా, అన్నమాట ప్రకారం చంకలో రోకలితో, నేనూ క్లాసుకు వెళ్ళాను. పద్మజ బోర్డు మీద చేప, పడవ, కప్ప, కోతి గీసి, వీటిలో ఏదైనా చేయమంది. అంతలో వెనక బెంచీ నుంచి ఒక ముద్ద ఎగిరొచ్చి బోర్డు మీద కోతి మొహానికి అతుక్కుంది. ఇంకోటి కిటికీలోంచి బయటికి పోయింది. అది మట్టి కాదు, నా గుండెకాయ అనిపించింది. లేచి నిలబడ్డాను.

"ఇది ఉత్త మట్టనుకుంటన్నారేటి? దుర్గమ్మ మట్టిది. ఇందులో రేణువు రేణువుకీ అమ్మ ఉంది. కింద పడేస్తే, కాలు తగిలితే, కళ్ళు పోతాయి."

పిల్లలు ఒక్కొక్కరే బూట్లు విప్పి గుమ్మం బయట పెట్టి వచ్చారు. చూశావా పాఠం ఎలా చెప్పాలో అన్నట్టు కోడలి వైపు తిరిగాను. ఆవిడ నుదుటికి చెయ్యి ఆనించుకుని కూర్చుంది.

అప్పుడు రమ్య అనే పిల్ల లేచింది. చాలా మర్యాదగల పిల్ల. "మామ్మా, అమ్మ మట్టితోటి కప్పని సేస్తే పాపం కాదా?"

ఏం చెప్పను? కాదంటే నేను అబద్ధాలకోరుని. అవునంటే కప్పలు లేవు. నేను తేల్చుకునేలోపల తరగతి మొత్తం తీర్పు ఇచ్చేసుకుంది. బెంగాలీ పిల్లలు పది చేతుల అమ్మవార్లను మొదలుపెట్టారు. మన పిల్లలు గుడ్లురిమే గ్రామదేవతలను మొదలుపెట్టారు. చేతులు అతకడం రాని వాళ్ళు వినాయకుళ్ళను చేశారు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను బల్ల బల్ల దగ్గరికీ వెళ్ళి, ఒక్క కోతినైనా చేయండిరా నాయనా అని బతిమాలితే, తొండాలు పెట్టి వినాయకుళ్ళను చేశారు. బెల్లు కొట్టేముందు రమ్య జామెట్రీ పెట్టెలోంచి కుంకం పొట్లం తీసి అందరికీ బొట్లు పెట్టింది. ఒక్క దేవతనూ వదల్లేదు. పిల్లలు వరసగా దండాలు పెట్టుకుని ఇళ్ళకు పోయారు.

గదిలో నేనూ, పద్మజా, ముక్కోటి దేవతలూ మిగిలాం.

"అత్తా, రోకలి," అంది పద్మజ.

రేపు బొరోదీ వచ్చేసరికి ఇదంతా మళ్ళీ ముద్ద కావాలి. కాకపోతే డ్రాయింగు పోయినట్టే. రోకలి ఎత్తాను. ఎదురుగా ఉన్న అమ్మవారికి ఒక కన్ను పైకీ ఒక కన్ను కిందికీ ఉంది, అయినా రెండూ నన్నే చూస్తున్నాయి. దించాను. అందరిలోకీ దేవతలా లేనిదాన్ని వెతికాను.

"ఇది దేవత కాదే. ఉండ్రాయిలాగుంది."

"దానికీ బొట్టుంది అత్తా."

"పోనీ నువ్వు కొట్టు."

"నేను డ్రాయింగు టీచర్ని. నాకు బ్రష్షే వచ్చు, రోకలి రాదు."

కోడలి గొంతులో మాత్రం నవ్వు లేదు. కళ్ళు నిండిపోయి ఉన్నాయి. అది చూసి మళ్ళీ ఎత్తాను, మళ్ళీ దించాను. మా ఆయన పనిచేసిన రైలు వర్క్‌షాపులో ఆవిరి సుత్తి కూడా అన్నిసార్లు లేచి ఉండదు, కాకపోతే అది లేచినప్పుడల్లా దేన్నో ఒకదాన్ని కొట్టేది. చీకటి పడుతోంది. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళను చీకట్లో వదిలి ఎలా పోతాను?

"అగ్గిపెట్టి ఉందేటి?" అన్నాను. దీపం పెట్టి ఇంటికొచ్చాం. ఆ రాత్రి కోడలు హాల్లో పరిచిన నమూనాలన్నీ తిరిగి మూటకట్టేసింది.

మర్నాడు పొద్దున్న మేం వెళ్ళేసరికి ఏడో తరగతి మందారాలతో, మరమరాలతో, అగరొత్తులతో సిద్ధంగా ఉంది. బొరోదీ వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, చెప్పులు విప్పి, దండం పెట్టింది. పీరియడు పట్టుకుపోదామని వెనకే వచ్చిన లెక్కల మాస్టారు కూడా బూట్లు విప్పాడు. నిమజ్జనం అయ్యేదాకా ఈ గదిలో పాఠం లేదు అంది బొరోదీ. పిల్లలు కేకలు పెట్టుకుంటూ బొమ్మలు తలకెత్తుకున్నారు. అందరికంటే ముందు నేను, నెత్తిన మెల్లకన్ను అమ్మవారు, చంకలో రోకలి.

నా ఏడాది మట్టి చెరువులో బుడుంగుమంది.

గట్టు మీద బొరోదీ పద్మజ భుజం తట్టింది. పిల్లలు ఇంత శ్రద్ధగా కూర్చోవడం తనెప్పుడూ చూడలేదనీ, పీరియడు ఉంటుందనీ, ఆ కాగితాలూ రంగులే తెప్పించమనీ అంది. మాసీమాను మాత్రం ఇంట్లో ఉంచమంది. పద్మజ అప్పుడు నా వైపు చూసి నవ్వింది.

తేలికపడ్డ మనసుతో తిరగబోతుంటే నీళ్ళలో ఎవరో కదిలారు. గోపాల్ దాదా మోకాలిలోతున నిలబడి, మన దేవతలను ఒక్కొక్కరినీ గంపలోకి ఎత్తుకుంటున్నాడు. వచ్చే ఏటి విగ్రహాలకట. నన్ను చూసి చేయి ఊపాడు.

"మాసీమా, మాటి శేష్ హొయ్ నా. మళ్ళీ కావాలంటే ఇంకో సీసా తెండి."

చంకలో రోకలి సాక్షిగా అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీద పిల్లల చదువుసామాను సంగతిలో నోరెత్తను. ఎత్తినా దేవుడి పేరు ఎత్తను. ముక్కూ కళ్ళూ పెట్టగలిగిన వస్తువేదీ పిల్లల చేతికివ్వను. ఇంటికొచ్చి ముందుగా ఆవకాయ జాడీకి వాసెన గట్టిగా బిగించి కట్టాను.