కొంగులో దాచిన చెయ్యి

భువనగిరి పల్లెల్లో కొందరు పిల్లలు ఎదుగుదల లేకుండా ఎందుకు పుడుతున్నారో వెతికే డాక్టరు వెంట నర్సుగా తిరుగుతూ, తల్లులను అడిగి కాగితాలు నింపేదాన్ని.

ఒక తల్లి ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆరేళ్ల కొడుకు మెడ నిలపలేక ఆమె భుజాన వాలి ఉండేవాడు. ఎప్పుడు వెళ్లినా కుడిచేతిని కొంగులో దాచుకునే మాట్లాడేది. మేనరికమా, కడుపుతో ఉండగా జ్వరమొచ్చిందా అంటే కాదు, లేదు అనేది.

మూడోసారి, అత్త ఇంట్లో లేనిది చూసి ఆ చెయ్యి బయటికి తీసింది.

"కడుపుతోని ఉండి, గ్రహణం నాడు గీ చేతితోనే సొరకాయ కోసిన నర్సమ్మా. ఎవ్వలకు చెప్పలే. జర రాసుకో."

నా కాగితంలో దానికి గడి లేదు. ఆమెను నొప్పించలేక ఊరికే పెన్సిలు కదిలించాను.

"రాసినవా?"

"రాశానమ్మా."

"నువ్వు రాసినవంటే గది నిజమే. నా చెయ్యే చేసింది," అని దాన్ని మళ్లీ కొంగులో దాచుకుంది.

నేనేమీ రాయలేదని ఆమెకు తెలియదు.