రెక్క లేపని పుంజు

తెలంగాణ వచ్చిన ఏడాది మా ఇంటి పందెం పుంజు నా బిడ్డ ముఖం చీల్చింది. దేవరకొండ శివారులో మా ఇల్లు. బిడ్డకప్పుడు నాలుగేళ్లు. వాకిట్లో జొన్నలు చల్లుతుంటే పుంజు ఎగిరి తన్నింది, కాలి ముల్లు కంటి కింద దిగింది. రక్తం గౌను మీదికి కారుతుంటే నేను పుంజు కాళ్లు పట్టుకుని బండకేసి కొట్టాను. అది చచ్చాక కూడా కొట్టాను. అయినా నా కోపం తీరలేదు.

దవాఖానలో కుట్లు వేయించి తీసుకొచ్చాక నా భార్య ఒకే మాట అంది.

"ఇంకో పుంజు మన ఇంట్ల రెక్క లేపిందనుకో, దాన్ని గాదు, నిన్ను కోస్త."

నాకు కోళ్ల పిచ్చి. దుకాణంలో కాలిపోయిన మోటార్లకు పగలంతా రాగితీగ చుట్టినా మనసు గూటి దగ్గరే ఉండేది. అందుకే పంతం పట్టాను. పందెం కోడి ఒళ్లు, గొర్రె గుణం ఉన్న జాతిని నేనే తయారు చేయాలి. పసిపిల్ల తోక పట్టి లాగినా తిరగబడని పుంజు కావాలి.

తిరుమలగిరిలో దోస్తు దగ్గర కాకిరంగు పుంజును తెచ్చాను. అచ్చంపేట అవతలి అడవి పల్లెల నుంచి చిన్న పెట్టలను తెచ్చి దానితో కలిపాను. పిల్లలు ఎదిగి కూత పట్టగానే పరీక్ష మొదలు. గూట్లో చెయ్యి పెట్టి మొహం ముందు ఆడించేవాణ్ణి. మెడ ఈకలు లేపిందా, ఆదివారం కూరే. గుడ్ల మీద కూర్చున్న పెట్ట కింద చెయ్యి పెడితే పొడిచిందా, దానికీ అదే గతి. మా ఇంట్లో కత్తికి సెలవు ఉండేది కాదు. ఒక్కోసారి అన్నదమ్ముల్లాంటి రెండు పుంజులు ఒకదాని తల ఒకటి పొడుచుకుని ఎముక తేలేదాకా కొట్లాడేవి. రెండింటినీ విడదీసి రెండింటినీ కోసేవాణ్ణి.

"నువ్ కోళ్లు సాదుతున్నవా, కసాయి దుకాణం పెట్టినవా?" అని పక్కింటాయన ఎగతాళి చేసేవాడు.

నేను నవ్వేవాణ్ణి. జాలేమీ ఉండేది కాదు. బిడ్డ కంటి కింది మచ్చ చూస్తే చెయ్యి ఇంకా గట్టిగా ఆడేది.

ఏళ్లు పట్టింది. చివరికి నల్లటి పుంజు ఒకటి దొరికింది. నిలబడితే మోకాలు దాటే ఎత్తు. ఇంటర్ చదివే నా బిడ్డ ఒళ్లో పెట్టుకుంటే కళ్లు మూసుకునేది. దాని పెట్టలు నాలుగూ అంతే సాధువులు. అవన్నీ గుడ్ల మీద కూర్చున్నాయి. ఆ పిల్లలు దిగితే నా జాతి నిలబడినట్టే. నా భార్య కూడా మెత్తబడి, "పోనీ, గిది మంచిదే," అంది. ఆ రోజు నాకు పట్టరాని సంతోషం.

అవి ఇంకా పొదుగుతుండగానే, ఒక మధ్యాహ్నం మేం అన్నం తింటుంటే అడవి నుంచి బావురుపిల్లి గోడ దూకింది. మాకు తెలియలేదు. కోళ్లు అరిస్తే కదా తెలిసేది! చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయిన నా బిడ్డ కేక పెట్టింది. నేను పార పట్టుకుని ఉరికేసరికి బిడ్డ కట్టెతో పిల్లిని బాదుతోంది, పిల్లి బిడ్డ మణికట్టు కరిచి వేలాడుతోంది. పారతో పిల్లి నడుము మీద వేశాను. కుంటుతూ గోడెక్కి పారిపోయింది.

నాలుగు పెట్టలూ కూర్చున్నచోటే చచ్చాయి. గొంతులు చీలి ఉన్నాయి. కింద గుడ్లు చితికి, లోపలి పిల్లలు నెత్తుటి ముద్దలై బయటపడ్డాయి. ఒక్కటీ గూడు దిగలేదు. పుంజు పక్కనే తిరుగుతోంది.

నా భార్య బిడ్డ చేతికి కొంగు చుడుతూ అరిచింది. "పోరి కొట్లాడుతుంటే అది గింజలేరుకుంటాంది సూడు! కొయ్యి దాన్ని!"

నాకూ ఒళ్లు మండిపోయింది. కత్తి తీశాను.

"బాపూ, వద్దే! దానికేం తెల్వదు," అని బిడ్డ ఏడుస్తూనే ఉంది.

అప్పటిదాకా నేను కోసిన ప్రతి పుంజూ నా ముంజేతులు గీరింది. ఇది మాత్రం ఎత్తుకోగానే మెడ నా మోచేతి మీద వాల్చి కళ్లు మూసుకుంది. కత్తి ఆడించాను. కడుక్కుని చూస్తే నా చేతుల మీద ఒక్క గీత కూడా లేదు.