మొక్కల హాస్టల్‌లో బిర్యానీ గంజి

ఖతార్‌లో ఎండాకాలం వచ్చిందంటే మా తెలుగువాళ్ళ ఇళ్ళలో రెండు జరుగుతాయి. ఆడవాళ్ళూ పిల్లలూ ఇండియా వెళ్ళిపోతారు. కుండీల్లో మొక్కలు చచ్చిపోతాయి. మొదటిదానికి ఎవరూ ఏమీ చేయలేరు గానీ, రెండోదాని సంగతి తేల్చుకోవాలని మా క్లబ్బు పర్యావరణ విభాగం ఒక ఏడాది గట్టిగా నడుం కట్టింది.

పర్యావరణ విభాగం అంటే ఏదో అనుకునేరు. నాలుగైదు కుటుంబాలు, కొందరు ఒంటరి మగాళ్ళు, ఒక వాట్సాప్ గ్రూపు, అంతే. చలికాలంలో ఉత్తరం కొసనున్న అల్ రువైస్ దాకా కార్లేసుకుని వెళ్ళి, సముద్రపు ఒడ్డున తెగిన వలముక్కలూ ప్లాస్టిక్ సీసాలూ ఏరేవాళ్ళం. మేం ఏరిన చెత్త కంటే తిన్న పులిహోరే ఎక్కువని మా ఆవిడ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. వేసవిలో మాత్రం ఆ ఒడ్డు వైపు వెళ్ళే ధైర్యం ఎవరికీ లేదు. "ఈ ఎండలో చెత్త ఏరడానికి వెళ్తే, చివరికి మనల్ని ఎవరో ఏరుకోవాలి" అని మా ప్రెసిడెంటుగారు తేల్చేశారు.

ఆయన ఆ మాట అన్నది అల్ అజీజియాలో వాళ్ళింట్లోనే. మరి వేసవికి ఏం పని పెట్టుకుందామని అందరూ టీ కప్పుల్లోకి చూస్తుంటే, మా ఆవిడ గొంతు సవరించుకుంది.

"ఏడాదంతా మొక్క పెంచడం, జూలైలో చంపడం, సెప్టెంబర్లో మళ్ళీ కొనడం. ఇదేం పర్యావరణం అండీ? ఊరెళ్ళేవాళ్ళు కుండీలన్నీ మా ఇంట్లో పెట్టి వెళ్ళండి. మావారు ఇక్కడే ఉంటారు, ఖాళీయే."

నేను ఖాళీగా ఉన్నానని నాకు అప్పుడే తెలిసింది.

నీళ్ళకి కూడా తనే దారి చెప్పింది. ఇక్కడ ఆగస్టులో గాలి పిండితే నీళ్ళు కారేట్టుంటుంది. ఏసీ గొట్టం నుంచి రాత్రింబవళ్ళు బొట్టు బొట్టుగా కారి గోడ పాడవడం తప్ప ఆ నీళ్ళకి వేరే పనిలేదు. గొట్టం కింద బకెట్ పెడితే మొక్కల దాహం తీరుతుంది. వంటింటి నీళ్ళూ పారబోయొద్దు, బియ్యం కడిగినవీ కూరగాయలు కడిగినవీ అన్నీ కుండీలకే అని ప్రెసిడెంటుగారు దానికి తోక తగిలించారు. ఆ తోకే కొంప ముంచింది.

ముఐథర్‌లో మా ఇల్లు ఒక పెద్ద విల్లాలో వెనక భాగం. ఎదురుగా రేకు నీడ ఉన్న చిన్న వాకిలి. జూలై మొదటివారంలో అక్కడికి తులసులు వచ్చాయి, మల్లెలు వచ్చాయి, కలబంద వచ్చింది, ఎవరిదో ఒక మనీప్లాంట్ వాటర్ బాటిల్‌తో సహా వచ్చింది. ఆ వాకిలికి మేం పెట్టిన పేరు మొక్కల హాస్టల్. వార్డెన్‌ని నేను.

అసిస్టెంటు వార్డెన్ మా పక్క వాటాలో ఉండే జగిత్యాల తమ్ముడు. ఒక కంపెనీలో స్టోర్ చూస్తాడు. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు, డ్రైవర్లతో హిందీ, సెక్యూరిటీతో అరబ్బీ. పెళ్ళై ఇన్నేళ్ళలో భార్య ఒక్కసారి కూడా ఇక్కడికి రాలేదు. ఇప్పుడు ఫ్యామిలీ వీసా పని నడుస్తోంది, చలికాలానికి వచ్చేస్తుందని మనిషి నేలమీద నిలవడం లేదు. కర్టెన్లు కొన్నాడు, కుక్కర్ కొన్నాడు. ఇక అతనికి కావాల్సింది ఒక్కటే, మా కరివేపాకు చెట్టు నుంచి ఒక పిలక.

ఆ చెట్టు గురించి చెప్పాలి. నడుమెత్తు ఉంటుంది. విజయవాడ స్నేహితురాలు ఒకావిడ ఖతార్ వదిలి శాశ్వతంగా వెళ్ళిపోతూ మా ఆవిడ చేతుల్లో పెట్టి వెళ్ళింది. ఆవిడకీ అలాగే ఎవరో ఇచ్చారట. అమ్మకూడదు, పిలక అడిగినవాళ్ళకి లేదనకూడదు, ఇవే షరతులు. సూపర్ మార్కెట్లో కరివేపాకు దొరకదని కాదు. కానీ పోపు వేగుతుండగా వాకిట్లోకి పరిగెత్తి రెమ్మ తుంచుకొచ్చే సుఖం ప్యాకెట్టులో ఉండదు. తమ్ముడు పిలక అడిగినప్పుడు "మీ ఆవిడ వచ్చేనాటికి ఇస్తాను, ఇది నా మాట" అని మా ఆవిడ చెప్పింది. అతను వెంటనే ఫోన్ చేసి భార్యకి చెప్పాడు. "దుబాయ్‌ల కరివేపాకు చెట్టా?" అని ఆవిడ నవ్వడం నాక్కూడా వినపడింది. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే.

మా ఆవిడ ఇండియా వెళ్ళే రోజు, ఎయిర్‌పోర్టులో నా తిండి గురించి ఏమైనా చెబుతుందేమోనని ఎదురుచూశాను. "మీరేం తింటారో మీ ఇష్టం. ఆ కరివేపాకు మాత్రం నేనొచ్చేసరికి పచ్చగా ఉండాలి" అనేసి లోపలికి వెళ్ళిపోయింది.

హాస్టల్ భలే నడిచింది. తెల్లవారుజాము నమాజు అయ్యాక తమ్ముడు నీళ్ళు పోసేవాడు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చాక నేను పోసేవాణ్ణి. పొద్దున్నే రాజమండ్రి నుంచి ఒకావిడ "మా తులసి ఫోటో పెట్టండి అన్నయ్యగారూ" అని మెసేజ్ పెట్టేది. ఇంకొకావిడ వీడియో కాల్ చేసి తన మల్లెతో మాట్లాడేది. మధ్యలో ఫోన్ పట్టుకుని నిలబడటమే నా పని.

మరి కరివేపాకు అంటే అందరికంటే ఎక్కువ ముద్దు కదా. దానికి నేనొక ప్రత్యేక మర్యాద చేశాను. కరివేపాకుకి పుల్లమజ్జిగ పోస్తే ఏపుగా పెరుగుతుందని ఏ తెలుగువాడికి తెలియదు? మా ఆవిడా పోసేది. నేను భోజనంలో మిగిలిన మజ్జిగ రోజూ పట్టుకెళ్ళి పోశాను. మా ఆవిడ పోసేది ఉత్త మజ్జిగ అనీ, నేను తాగేది ఉప్పూ అల్లమూ వేసిన మజ్జిగ అనీ నా బుర్రకి తట్టలేదు. తమ్ముడితో కూడా చెప్పలేదు. చెట్టు గుబురుగా లేచాక మెప్పంతా నేనే కొట్టేయాలని.

ఆగస్టు సగం గడిచేసరికి ఆకుల అంచులు మాడాయి. తర్వాత పసుపు. తర్వాత రాలడం మొదలైంది. "ఎండకి అయ్యుంటది అన్నా" అన్నాడు తమ్ముడు. ఎండకే అని నేనూ అన్నాను. ఇంకాస్త మజ్జిగ పోశాను.

ఒక శనివారం పురుగేమైనా పట్టిందేమోనని చెంచాతో మట్టి తవ్వి చూశాను. పైన తెల్లగా పొర కట్టి ఉంది. కింద ఒక యాలక్కాయ దొరికింది. ఇంకొంచెం తవ్వితే బిర్యానీ ఆకు, దాల్చినచెక్క, నాలుగు లవంగాలు.

"తమ్ముడూ, ఈ కుండీలో బిర్యానీ ఎవరు వండారయ్యా?"

అతను వచ్చి తొంగి చూశాడు. "వండుడు ఏంది అన్నా? శుక్రారం జుమ్మా నాడు బిర్యానీ చేస్త కదా. బియ్యం సగం ఉడికినంక గంజి వారుస్త. వంటింటి నీళ్ళు పారబొయ్యొద్దని ప్రెసిడెంట్ సారే చెప్పిండు. మంచి గంజి అన్నా, మసాలా గూడ ఉంటది, బలం. పిలక నాకే ఇస్తరు కదా, అందుకే దీనికొక్కదానికే పోసిన."

"ఉప్పు?"

"ఉప్పు లేకుంట బిర్యానీ బియ్యం ఎట్ల ఉడుకబెడ్తరు అన్నా? మస్తు వేస్త." అంటూనే ఆగిపోయాడు. అప్పుడు నేను నా మజ్జిగ సంగతి చెప్పాను. నాకు నవ్వాగలేదు. అతనికి మాత్రం నవ్వు రాలేదు.

"నా పెండ్లానికి చెప్పిన అన్నా. ఇంట్ల చెట్టు ఉంటది, నువ్వు వచ్చి తెంపుకో అని."

ఆ మాటతో నా నవ్వు కూడా ఆగిపోయింది.

ప్రెసిడెంటుగారికి ఫోన్ చేస్తే బాగా తిట్టి, తర్వాత మందు చెప్పారు. కుండీలో ఉప్పు పేరుకుంది, నీళ్ళు దండిగా పోసి కిందనుంచి పోయేలా కడగాలి, ఏసీ నీళ్ళలో ఉప్పుండదు కాబట్టి అవే మేలు అన్నారు. మా బకెట్ల నీళ్ళు హాస్టల్‌కే చాలీచాలకుండా ఉన్నాయి. గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాను. సాయంత్రానికి వాకిటి ముందు కార్లు ఆగాయి. భార్యలు ఇండియా వెళ్ళిన మగాళ్ళందరూ లుంగీల్లో, షార్టుల్లో, డిక్కీల్లో ఏసీ నీళ్ళ క్యాన్లు వేసుకుని వచ్చారు. "పేషెంట్ ఎక్కడ? యల్లా, జరగండి!" అంటూ ఒకరి తర్వాత ఒకరు పోశారు. కిందనుంచి కారిన నీళ్ళు వేలితో రుచి చూసి "ఇంకా ఉప్పగానే ఉంది, పొయ్యి పొయ్యి" అని ఒకాయన కేకలు. ఆఖరికి అందరూ కూర్చుని తమ్ముడి ఫ్రిజ్‌లో మిగిలిన బిర్యానీ ఖాళీ చేసి వెళ్ళారు. అంత సందడి మా వాకిట్లో ముందెప్పుడూ లేదు.

చెట్టు మాత్రం మాట వినలేదు. సెప్టెంబర్లో మా ఆవిడ దిగేనాటికి హాస్టల్ మొత్తం పచ్చగా ఉంది, మధ్యలో మా కరివేపాకు ఎండుకట్టెలా ఉంది. తను బ్యాగు కూడా దించకుండా దాని దగ్గరికి వెళ్ళి కొమ్మ విరిచింది. పుటుక్కున విరిగింది. తమ్ముడు కూడా పక్కనే ఉండగా నేను జరిగినదంతా చెప్పాను. మజ్జిగ దగ్గర నన్ను చూసింది, గంజి దగ్గర తమ్ముణ్ణి చూసింది. చెయ్యెత్తి కొట్టినా బాగుండేది.

తర్వాత వంగి మొదట్లో మట్టి పక్కకి తోసింది. కాండానికి దూరంగా, వేరు మీద నుంచి, చిటికెన వేలంత పిలక. రెండాకులు. ఒక్కటంటే ఒక్కటే.

మర్నాడు తమ్ముణ్ణి పిలిచి ఆ కుండీ చూపించింది. "తీసుకెళ్ళు."

"వద్దు భాభీ. చెట్టు మీది. ఒక్కటే మిగిలింది, మీ తాననే ఉండనియ్యండి."

"నాకు బాధగా ఉంది తమ్ముడూ, లేదని చెప్పను. కానీ మాటిచ్చింది నేను. మీ ఆవిడ వచ్చి తెంపుకోవాలి కదా. అయినా ఇది ఈ ఇంట్లో ఉంటే ఈయన మళ్ళీ మజ్జిగ పోస్తారు."

ఆ కుండీ వాళ్ళ గుమ్మంలోకి పోయింది. ఆ రోజు మా ఇంట్లో పప్పు పోపులోకి ప్యాకెట్ కరివేపాకు పడింది. మా ఆవిడ ఆ ఆకులు ఒక్కొక్కటే ఏరి కంచం అంచున పెట్టింది. నేను మజ్జిగ అడగలేదు.

నవంబర్లో అతని భార్య వచ్చింది. మొదటి శుక్రవారమే మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఆవిడ బియ్యం వార్చి, గంజి గిన్నె మసిగుడ్డతో పట్టుకుని, అలవాటుగా తిన్నగా గుమ్మం వైపు నడిచింది. నేనూ తమ్ముడూ కుర్చీల్లోంచి ఒకేసారి లేచి "వద్దు!" అని అరిచాం. ఆవిడ అదిరిపడి అక్కడే నిలబడిపోయింది.

"మా ఇంటికాడ చెట్లకే పోస్తం కదా?" అంది బిక్కమొహంతో. జగిత్యాలలో పెరటి నేల, పెద్ద వానలు, ఎంత ఉప్పైనా కొట్టుకుపోతుంది. ఇక్కడిది మూరెడు కుండీ. సంగతంతా మా ఆవిడ చెబుతుంటే ఆవిడ నవ్వి నవ్వి గిన్నె దించాల్సి వచ్చింది. ఆ నవ్వుతోనే వాళ్ళిద్దరికీ స్నేహం కలిసింది.

ఉగాది వెళ్ళాక ఒక సాయంత్రం తలుపు చప్పుడైతే నేనే తీశాను. తమ్ముడి భార్య. చేతిలో ఖాళీ పెరుగు బకెట్, అందులో మట్టి, మట్టిలో రెండు రెమ్మలేసిన కరివేపాకు పిలక. "మా చెట్టుకు వచ్చిన మొదటి పిలక అక్కకే అనుకున్న" అంది. నేను ఎంతో సంతోషంగా రెండు చేతులూ చాపాను.

ఆవిడ బకెట్ వెనక్కి తీసుకుంది. "అక్క లేదా అన్నా? ఉంటే జర పిలువుండ్రి" అంటూ, మా ఆవిడ వచ్చేదాకా దాన్ని ఒళ్ళో బిడ్డలా పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.