సగం అన్న మాట

నిన్న పొద్దున స్టేటస్‌లో రత్నం ఫోటో. కింద RIP.

ఎవరో పొరపాటున పెట్టారనుకున్నాను. నిన్ను చంపేశారు చూడరా అని నవ్వుదామని రత్నానికే ఫోన్ చేశాను.

వాళ్ళమ్మాయి ఎత్తింది. "నాయన లేడు పెదనాయనా" అంది.

యేసురత్నం గిద్దలూరు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. నేను ఐదో క్లాసుతో ఆగినవాణ్ణి. నా ఇంగ్లీష్ అంతా సైకిల్ పార్టుల డబ్బాల మీద నేర్చుకున్నదే. ఫ్రీవీల్ స్పెల్లింగ్ కళ్ళు మూసుకుని చెప్తాను. సరే, అది వదిలేయండి.

రెండేళ్ల కిందట దుకాణంలో కొన్న కంది విత్తనం మా చేలో బొక్కలు బొక్కలుగా మొలిచింది. ఈ ఎండలకు ఏ విత్తనమైనా ఇంతే పొమ్మన్నాడు దుకాణం ఆయన.

ఆ ప్యాకెట్లో మిగిలినవి పది గింజలు, ఇంట్లో దాచినవి పది, తడి గోనెలో చుట్టి చూశాను. ఇంటివి తొమ్మిది మొలిచాయి, ఆయనవి ఏడు. కొట్లాటకు బయల్దేరాను.

రత్నం చొక్కా పట్టుకుని ఆపాడు.

"పదిట్లో రెండు తేడా ఊరికే కూడా వస్తాది అన్నా. ముందు రెండూ ఒకటే రకం అనుకో. ఒకే గంపలో కలిపి, కళ్ళు మూసుకోని రెండు గుప్పిళ్ళు తీస్తే ఇంత తేడా ఎన్నిసార్లు వస్తాది? అది చూడాల."

నేరం రుజువయ్యేదాకా దుకాణం ఆయన్ని మంచోడనుకోవాలట. నాకు ఒళ్ళు మండింది.

అదే లాటు నంబరున్న ప్యాకెట్లు ఇంకా కొని, రెండు రకాల్లోనూ నాలుగేసి వందల గింజలు పెట్టాడు. అదే గోనె, అదే నీడ, అవే నీళ్ళు. ఆరో రోజు వాళ్ళ వరండాలో ఇద్దరం బోర్లా పడి లెక్కపెట్టాం. ఇంటివి మూడు వందల అరవై రెండు. దుకాణానివి రెండు వందల తొంభై నాలుగు.

కాగితం మీద ఏదో గుణించి, భాగించి తల ఎత్తాడు. "ఇది ఊరికే వచ్చిన తేడా కాదు అన్నా. గంపలో నువ్వు వేలసార్లు చెయ్యి పెట్టినా రాదు."

వచ్చే వానలకు ఆ లాటు ఎవరూ విత్తకూడదు. వాడి పట్టుదల అదొక్కటే.

మార్కాపురం వ్యవసాయ ఆఫీసుకు ఫిర్యాదు పట్టుకుపోయాం. అక్కడి సారు వాడి కాగితం చదివి నా వైపు తిరిగాడు. నువ్వు చెప్పు పెద్దాయనా, ఎంత మొలిచింది అన్నాడు.

నోరు నాది కదా.

"సగం కూడా మొలవలా సార్."

మన పక్క సగం అంటే లెక్కా? కడుపుమంట. ఆ సారుకు మాత్రం లెక్కే. కాగితంలో ఒకటి, నోట్లో ఒకటి, ఏది నమ్మేది అని ఫైలు మూసేశాడు.

బస్సు బేస్తవారిపేట దాటింది. రత్నం కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "ఒక్కొక్క గింజ లెక్కపెట్టినాం గదన్నా. సగం అని ఎందుకన్నావు?"

మరుసటేడు అదే లాటు అమ్మారు. జనం విత్తారు.

నిన్న వాడి మీద అన్నిటికంటే పెద్ద పూలదండ ఆ దుకాణం ఆయనదే. గొప్ప మేధావి పోయాడని గ్రూపులో కూడా పెట్టాడు. ఆయన్ని తిట్టే మొహం నాకు లేదు.

రెండు వందల తొంభై నాలుగు, రత్నం. ఎవరడిగినా ఇంక అదే చెప్తాను.

నెమ్మదిగా పడుకో తమ్ముడా. ఆ ప్రభువు దగ్గరైనా నీ లెక్కకు అడ్డం వచ్చే నోరు లేకుండా ఉండుగాక.