పొయ్యికొక తట్ట

1959 ఎండాకాలం. వికారాబాదులో రైలెక్కి తాండూరులో దిగాను. అక్కడి నుంచి బషీరాబాద్ దిక్కు పోయే ఎడ్లబండిలో ఒక ఇనుప పెట్టె, చాప, రెండు గిన్నెలు వేసుకుని నాకిచ్చిన ఊరు చేరేసరికి పొద్దు వాలింది. నేను చదివింది ఐదో తరగతి. అప్పట్లో ఊళ్లలో ఉండి పనిచేసే ఆడవాళ్లు దొరక్క, నాలాంటిదాన్ని కూడా పిలిచి, కొన్ని నెలలు పని నేర్పి, సేవిక అని పేరు పెట్టి పంపారు. పెళ్లయిన రెండేళ్లకే మా ఆయన పోయాడు. పుట్టింట్లో ఎవరికీ బరువు కాకూడదని నేనూ సరేనన్నాను.

మా పని ఏమిటో చెప్పాలి. ఊళ్ల పేదరికం సర్కారు ఒక్కటే పోగొట్టలేదు, ఊరివాళ్లు చెయ్యి కలిపితేనే పోతుందని, కొన్ని ఊళ్లను కలిపి ఒక బ్లాకు అనేవారు. బ్లాకులో వ్యవసాయం చూసుకునే మగమనిషి గ్రామసేవక్. ఆడవాళ్లకు, పిల్లలకు సంబంధించింది మా వంతు. కుట్టు నేర్పాలి, పిల్లల తిండి గురించి చెప్పాలి, నీళ్లు కాచి వడగట్టమనాలి. చెప్పడానికి నేను సిద్ధమే, వినేవాళ్లే లేరు. నేను పోతే మాటలు ఆపి చూసేవారు. నేను వెళ్లిపోయాక మళ్లీ మొదలుపెట్టేవారు. వెనుక నుంచి ఆ మాటల చప్పుడు వినపడేది. చావడి వెనుక నాకొక గది ఇచ్చారు. దాని పక్కన మూడు రాళ్ల పొయ్యి. పగలంతా మనుషుల మధ్యే తిరిగి, పొద్దుగూకాక "తిన్నవా?" అని అడిగే గొంతు లేకపోతే ఎట్లా ఉంటుందో ఆ ఊళ్లోనే తెలిసింది. ఒక్కోసారి జొన్నరొట్టె కాలుస్తూ నాలో నేనే గట్టిగా మాట్లాడుకునేదాన్ని, గొంతు మరిచిపోతానేమోనని.

ఆ ఊరికి ఉన్నది మెట్లబావి. అందరూ మెట్లు దిగి, నీళ్లలో కాళ్లు పెట్టి కడవ ముంచుకునేవారు. దాంతో నారికురుపు. ఇప్పటివాళ్లకు తెలియదు. నీళ్లతో కడుపులోకి పోయిన పురుగు, ఏడాది తిరిగేసరికి తీగలాగా కాల్లోంచి బయటికి వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగుతూ కూర్చోవాలి. అది సరిగ్గా కంది విత్తే రోజుల్లోనే వచ్చేది. ఇంట్లో పనిచేసే మనిషి మంచం పడితే ఆ ఏడు ఆ ఇంట గింజ ఉండదు. నేను చూసిన పేదరికంలో సగం ఆ బావి మెట్ల మీది నుంచే వచ్చింది.

అందుకని చేదబావి తవ్వాలన్నారు. చుట్టూ గోడ, పైన గిరక, ఎవరి కాలూ నీళ్లను తాకదు. సిమెంటు, రాయి, మేస్త్రీ బ్లాకు ఇస్తుంది. తవ్వడం, మన్ను ఎత్తిపోయడం ఊరు చేయాలి. ఆ ఊరి వంతును పబ్లిక్ కాంట్రిబ్యూషన్ అనేవాళ్లం. చావడి ముందు మీటింగు పెట్టారు. గ్రామసేవక్ చక్కగా మాట్లాడాడు. చివరికి ఊరి పటేలు లేచి ఒక్క మాటలో తేల్చేశాడు.

"పొయ్యి వెలిగే ప్రతి ఇల్లు పనైనన్ని దినాలు ఒక మనిషినియ్యాలె. ఇయ్యని ఇల్లు చేద వేయొద్దు. గంతే."

అందరూ ఒప్పుకున్నారు. జనమే తమంతట తాము నియమం పెట్టుకున్నారని గ్రామసేవక్ మురిసిపోయాడు. ఊరి తూర్పు చివర కురుమల వాడ ఉంది. అదంతా తాళాలేసి ఉన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఏటా ఎండలు మొదలవగానే కురుమలు పిల్లాజెల్లాతో, గొర్రెల మందలతో భీమా నది దిక్కు పోతారు. అక్కడి రైతుల చేలల్లో మంద పెడతారు. అంటే రాత్రుళ్లు గొర్రెలను చేనులో పడుకోబెడితే, ఆ ఎరువుకు రైతు గింజలిస్తాడు. మళ్లీ మిరుగం కార్తెకు వానలతో పాటే తిరిగి వస్తారు. ఆ నాలుగు నెలలూ ఊరి లెక్కలో వాళ్లు లేనట్టే. చెడ్డబుద్ధితో కాదు, అలవాటు అట్లాంటిది.

నాకు మాత్రం ఒక అనుమానం ఉండేది. ఉదయం నా పొయ్యి దగ్గర కూర్చుంటే కురుమల వాడ కనిపిస్తుంది. అందులో రోజూ ఒక ఇంటి కప్పు మీంచి పొగ లేచేది. ఇవాళ లేచిన ఇంట రేపు లేవదు, పక్కింట్లో లేస్తుంది. ఒకరోజు ఉండబట్టలేక పోయి చూశాను. ఒక ముసలమ్మ గొంగడి కప్పుకుని పొయ్యిలో కంపపుల్లలు పెట్టి ఊదుతోంది. పేరు లింగవ్వ. మోకాళ్లు పట్టేసి మందతో నడవలేదు కాబట్టి తాళంచెవులిచ్చి ఇళ్లకు కాపలాగా వదిలిపోయారు.

"ఇది నీ ఇల్లేనా అవ్వా?" అన్నాను.

"కాదు బిడ్డ. ఇది మా మరిది కొడుకుది. నిన్న మల్లయ్యోళ్ల ఇంట్ల వండిన. రేపు మా బీరయ్య ఇంట్ల వండుత."

"ఒక్కదానివి, ఒక్క పొయ్యి చాలదా?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "పొయ్యి సల్లారితె ఇల్లు పాడువడ్డట్టే. ఒచ్చెటోళ్లు పాడువడ్డ ఇంట్లకు ఎట్లొస్తరు? నేను తినేది ఒక్క రొట్టెనే. గది యాడ కాలిస్తేంది?"

ఆ రోజు నన్ను కూర్చోబెట్టి సగం రొట్టె పెట్టింది. ఆ ఊళ్లో నేను వేరొకరి చేతి ముద్ద తినడం అదే మొదలు. ఆ మాటా ఈ మాటా చెబుతూ బావి సంగతి, పటేలు పెట్టిన నియమం చెప్పాను. ఆమె రొట్టె నములుతూ విన్నది.

తెల్లారి తవ్వకం మొదలవగానే అక్కడికి వచ్చింది. తల మీద గుడ్డచుట్ట, చేతిలో అంచులు చిరిగిన తట్ట. పైకి తీసిన మన్ను నింపుకుని, కుంటుకుంటూ పోయి గట్టు మీద పోసి, "మల్లయ్య ఇల్లు" అన్నది. మళ్లీ వచ్చి మరో తట్ట. "సాయన్న ఇల్లు." మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకటే నవ్వులు.

"ముసలిదానా, ఎన్ని ఇండ్ల కూలి ఒక్కదానివే గుంజుతవ్?" అని పటేలు ఎగతాళి చేశాడు.

"పొయ్యి వెలిగే ప్రతి ఇల్లన్నవు గద పటేలా. మా వాడల ఏ పొయ్యి సల్లారిందో చూపియ్యి."

ఆయన నవ్వుకుంటూ పని చూడ్డానికి పోయాడు. నీడన నిలబడి అందరికీ మజ్జిగ పోయడం, ఆడవాళ్లను పని దగ్గరికి పిలవడం నా పని. ఆమె నా ముందు నుంచి పోతూ ఆగింది.

"ఏం సేవికమ్మా, నీ పొయ్యి గూడ ఈ ఊర్లనే వెలుగుతుంది గద. నీ తట్ట యాడున్నది?"

మజ్జిగ కుండ కింద పెట్టి, పక్కనున్న ఒక తట్ట అందుకున్నాను. మొదటి తట్ట పోసినప్పుడు ఏ ఇల్లనాలో తెలియక నిలబడిపోయాను. లింగవ్వే వెనుక నుంచి అందించింది, "సేవికమ్మ ఇల్లు" అని. ఆ మాట విని ఒకరిద్దరు ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వు మునుపటిలా లేదు. సాయంత్రం వాళ్లలో ఒకామె నా చేతుల మీది బొబ్బలు చూసి, ఇంటికి పోయి ఆముదం తెచ్చిచ్చింది.

మన్ను ఉన్నంతవరకూ పని పండగలా సాగింది. తర్వాత బండ తగిలింది. మా తాండూరు నేల సంగతి తెలిసిందే, పొరలు పొరలుగా రాయి. సమ్మెట పోటు పడితే చేతులు అదిరిపోతాయి. ఎండలు కూడా ముదిరాయి. ఒక ఇంట్లో పెళ్లన్నారు, ఒకరు జ్వరమన్నారు, ఒకరు ఎద్దు తప్పిపోయిందన్నారు. రోజుకింత జనం తగ్గారు. చివరికి మిగిలింది మేస్త్రీ, అతని వెంట బ్లాకు నుంచి వచ్చిన రాయి కొట్టే ఇద్దరు, నేను, లింగవ్వ. మేమిద్దరం మాట్లాడుకునేది కూడా తక్కువే. రాతి ముక్కలు తట్టకెత్తుకుని ఒకరి వెనుక ఒకరం పోయేవాళ్లం. ఆమె ఇళ్ల పేర్లు చెబుతూనే ఉండేది. వినేవాళ్లు లేకపోయినా చెప్పేది. ఒక మధ్యాహ్నం అడిగాను, ఎవరి కోసం అంత గట్టిగా అంటావని. "పేరు పలకకుంటె మరుపొస్తది బిడ్డ" అని, మళ్లీ తట్ట ఎత్తుకుంది. పేర్లన్నిట్లో చివర ఎప్పుడూ బీరయ్య పేరే. ఆమెకు ఒక్కడే కొడుకు.

నేను పోయి ఇంటింటి ముందూ నిలబడి పిలిచాను. ఈసారి మాటలు ఆపలేదు, లోపలికి రమ్మన్నారు. కొందరు వచ్చారు, కొందరు రాలేదు. ఎట్లాగో బండ పగిలింది. నీళ్లు ఊరాయి. గోడ లేచింది, గిరక బిగించారు.

చేద వేసే రోజు ఊరంతా చేరింది. బ్లాకు నుంచి ఆఫీసరు కూడా వచ్చాడు. కొబ్బరికాయ కొట్టాక పటేలు గొంతు సవరించుకుని, నియమం నియమమే అన్నాడు. కురుమల ఇళ్ల నుంచి మనిషి రాలేదు కాబట్టి, వానలకు వాళ్లు తిరిగొచ్చినా మెట్లబావికే పోవాలన్నాడు. ఒక్క ముసలిది అన్ని ఇళ్ల మనుషులు ఎట్లా అవుతుందని అడిగాడు. ఆఫీసరు నా దిక్కు చూశాడు. ఆ ఇళ్లలో మళ్లీ పసిపిల్లలు ఆ మురుగు నీళ్లే తాగాలి.

నేను నోరు విప్పేలోపే లింగవ్వ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"నిజమే పటేలా. నియమం అంటె నియమమే. పనైనన్ని దినాలు అన్నవు. ఒక్క దినమన్న తప్పిన ఇల్లు ఎవ్వలిదైతే వాళ్లు చేద కింద పెట్టుండ్రి."

ఎవరూ కదల్లేదు. అందరి చేతుల్లో కొత్త చేదలు, కొత్త తాళ్లు. ఒకరినొకరు చూసుకున్నారు. పటేలు ఇంటి మనిషి కూడా బండ తగిలిన నాటి నుంచి రాలేదని అందరికీ తెలుసు. లింగవ్వ, "గట్లయితే ఇగ మా వాడ, సేవికమ్మ తప్ప ఎవ్వలు మిగులరు. ఇంత నీళ్లు మేమేం చేసుకుంటం? అందరు ముంచుకోండ్రి" అన్నది.

మొదట వెనుక వరుసలో ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. తర్వాత అందరూ. పటేలు తలపాగా సర్దుకుంటూ నవ్వాపుకోలేక, "దీని నోట్ల నా నియమం వడ్డది, ఇగ నాకేం మిగిలింది" అని, మొదటి చేద ఆమె చేతికే ఇచ్చాడు.

మిరుగం రాగానే మందలు తిరిగొచ్చాయి. వాడంతా గొర్రెల అరుపులు, కన్నడం కలిసిన మాటలు. తాళాలు తీసి, కొత్త బూడిద ఉన్న పొయ్యిల ముందు కూర్చున్నారు. బీరయ్య మాత్రం రాలేదు. భీమా ఒడ్డున ఒక రైతు దగ్గర చేను పాలుకు తీసుకుని అక్కడే నిలిచిపోయాడట. తోటివాళ్లు వచ్చి చెబితే లింగవ్వ "మంచిదే" అన్నది. అంతే. తెల్లారి అందరి కప్పుల మీదా పొగలు. బీరయ్య ఇంటి మీద కూడా లేచింది. ఆ తర్వాత మందలు మళ్లీ కదిలేదాకా ఆమె ఇక ఆ ఒక్క ఇంట్లోనే వండుకుంది. కొత్త బావి నీళ్లు రోజూ ఆ గడపకు చల్లేది.

మరో ఏడాదికి నన్ను దోమ అనే ఊరికి మార్చారు. బండి ఎక్కుతుంటే లింగవ్వ రాలేదు, మోకాళ్ల నొప్పేమో అనుకున్నాను. నా గది చాలా రోజులు ఖాళీగానే ఉందట. తర్వాత వచ్చిన సేవిక తాండూరు మీటింగులో కలిసినప్పుడు ఒక సంగతి చెప్పింది. ఆమె వెళ్లిన రోజు గది పక్క పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉందట. ఎవరు వండుతున్నారని అడిగితే, ఒక ముసలామె అప్పుడప్పుడు వచ్చి రొట్టె కాల్చుకుని పోతుందన్నారట. ఎందుకని అడిగితే, అది సేవికమ్మ ఇల్లు అని చెప్పిందట.

నా పనిలో తర్వాత ఎన్నో ఊళ్లు చూశాను, ఎన్నో మీటింగుల్లో కూర్చున్నాను. ఊరంతా చేరి, అందరూ వచ్చారు ఇక మొదలుపెడదాం అన్నప్పుడల్లా నేను ఒక్క నిమిషం ఆగమనేదాన్ని. ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో, వాళ్ల తరఫున ఎవరు మాట్లాడతారో ముందు అడిగేదాన్ని. పై ఆఫీసర్లకు విసుగొచ్చేది. రానీ. ఊరంటే వచ్చి కూర్చున్నవాళ్లు మాత్రమే కాదని నాకు నేర్పింది ఆ ముసలమ్మ. నేను లేని ఊళ్లో కూడా నాకొక ఇల్లుందని చెప్పిందీ ఆమే.