దబ్బచెట్టులో ఎర్ర పోగు

కుట్టుపిట్ట ముడి వేయదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నా మగ్గం ఆగిపోయి, చేతులకు పని లేక పెరట్లో కూర్చున్నప్పుడు ఈ సంగతి కనిపెట్టాను. అంతకుముందు మా వీధిలో అందరిలాగే నేనూ అది ఆకు అంచుల్ని దగ్గరకు లాగి, దారంతో కుట్టి, చివర ముడి వేస్తుందనే అనుకునేవాణ్ణి. మేము ఊహ తెలిసినప్పటి నుంచీ తెగిన పోగుల్ని ముడివేస్తూ బతికినవాళ్ళం. ముడి లేకుండా దారం నిలుస్తుందంటే మాకు నమ్మకం కుదరదు. పిట్ట పద్ధతి వేరు. ఆకు అంచున ముక్కుతో చిన్న చిల్లు పొడుస్తుంది. సాలెగూటి పోగో, దూది పీచో అందులోంచి లాగుతుంది. అవతలికి వచ్చిన కొస విప్పారి చిన్న కుచ్చులా ఉబ్బుతుంది. ఆ ఉబ్బే పీచును వెనక్కి జారిపోకుండా పట్టి ఉంచుతుంది.

చూడడానికి ఏమంత పెద్ద పిట్ట కాదు. పిడికిట్లో పెట్టుకుంటే కనపడదు. నెత్తి మీద ఇటుక రంగు, వీపు పాచిరంగు, పొట్ట మాసిన తెలుపు. తోక మాత్రం ఎప్పుడూ నిక్కపొడుచుకునే ఉంటుంది. గుడ్ల కాలంలో మగదాని తోకలో రెండు ఈకలు సూదుల్లా పొడుగు సాగుతాయి. గొంతు ఒంటికి మించినది. అది అరిచినప్పుడు మెడ పక్కన నల్లటి మచ్చ ఒకటి కనపడి, నోరు మూయగానే మాయమవుతుంది. అరుపు మగదానిది, కుట్టుపని ఆడదానిది. మగది పక్క కొమ్మ మీద కూర్చుని అజమాయిషీ చేస్తున్నట్టు అరుస్తూనే ఉంటుంది.

మాది కృష్ణా కాలవ పక్కన నేతగాళ్ళ ఊరు. బెజవాడకు బొగ్గుతో నడిచే బస్సులో వెళ్ళి రావాలంటే ఒక పూట గడిచిపోయేది. అమ్మానాన్నలు పోయాక నన్ను అక్కే పెంచింది. అక్కను ఇచ్చింది కూడా మా పక్కింటికే. వాళ్ళ పెరటికీ మా పెరటికీ మధ్య ఒక ముళ్ళకంచె, కంచెకు ఇవతల దబ్బచెట్టు. భోజనం అక్క ఇంట్లో, పడక మా ఇంట్లో. బావ నాకు పని నేర్పినవాడు. నా మొదటి చీర మగ్గం మీద నుంచి కోసిన రోజున వీధంతా తిప్పి చూపించినవాడు.

మా వీధిలో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్త పడుగు మగ్గానికి ఎక్కించినప్పుడు తెగి మిగిలిన పోగుల్లో రెండు మూడు కలిపి, ఒక కొసన ముడివేసి, ఇంటి ఆడవాళ్ళు పెరటి కంచె ముల్లుకు తగిలించేవారు. గట్టిగా కట్టకూడదు. పిట్ట లాగితే వచ్చేయాలి. ఎవరి పేరు తలుచుకుని తగిలిస్తే వాళ్ళ మగ్గం ఆ ఏడు ఆగదని నమ్మకం. ఎవరి పేరు తలుచుకున్నదీ పైకి చెప్పకూడదు. మగవాళ్ళం దీన్ని పెద్దగా పట్టించుకునేవాళ్ళం కాదు. నవ్వేవాళ్ళం కూడా.

యుద్ధం వచ్చాక నూలుకు కరువొచ్చింది. బెజవాడలో నేతగాళ్ళ సంఘం వాళ్ళు విడతలవారీగా మగ్గానికి ఇన్ని చిలపల నూలని కొలిచి ఇచ్చేవారు. మా రెండు మగ్గాల నూలూ బావే బెజవాడ వెళ్ళి తెచ్చేవాడు. రంగునూలు మాట అసలే లేదు. రంగులు సముద్రం దాటి రావాలి, ఓడలు రావడం లేదు అనేవారు. ఆ ఏడు మా వీధిలో ఎర్ర అంచు నేసిన ఇల్లు లేదు. అందరివీ వట్టి తెల్ల ధోవతులే. తెగిన పోగుల్ని కూడా పారేయకుండా అతికించి వాడుకునేవాళ్ళం. కంచెలన్నీ బోసిపోయాయి.

ఎండాకాలంలో ఒకరోజు బావ బస్సు దిగి, భుజం మీది చిన్న మూట అరుగు మీద పెట్టి, నా కళ్ళలోకి చూసి చెప్పాడు.

"ఒక్క మగ్గానికే ఇచ్చార్రా. నా పడుగు మగ్గం మీదుంది కదా, అది కానియ్యి. వచ్చే విడత నీదే."

సరే అన్నాను. వచ్చే విడతా అదే మాట. ఆ తర్వాతా అదే. నా మగ్గం గుంటలో సాలీడు గూడు పెట్టింది. శ్రావణం లోపల నూలు రాకపోతే మగ్గం విప్పి అమ్ముకుని, బెజవాడలో ఇప్పుడు వన్ టౌన్ అంటున్న ఆ బజారులో గుడ్డల మూటలు మోయడానికి పోవాలని నాకు తెలుసు. మా వీధిలో అప్పటికే ఇద్దరు ముగ్గురు అలా పోయారు. పోయినవాళ్ళెవరూ తిరిగి మగ్గం ఎక్కలేదు. బావ రోజూ నా కంచంలో ఇంకో ముద్ద పెట్టమని అక్కకు చెప్పేవాడు. "వస్తుందిలేరా, దిగులెందుకు," అనేవాడు. అక్క తల దించుకుని వడ్డించేది. ఆమెకు నా మీద జాలి అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మగ్గం ఉన్న గది తలుపు వాళ్ళు పగలు కూడా మూసి ఉంచడం మొదలుపెట్టారు. వేడిగాలి తగిలితే పోగులు తెగుతాయని బావ అన్నాడు. అది నిజమే, అందరూ చేసేదే. నేను వసారాలో తిని వచ్చేసేవాణ్ణి.

తొలకరి పడ్డాక దబ్బచెట్టులో కుట్టుపిట్టలు గూడు మొదలుపెట్టాయి. పని లేనివాణ్ణి, పొద్దస్తమానం చూస్తూ కూర్చున్నాను. వీధిలో పోయేవాళ్ళు వేళాకోళం చేసేవారు. "ఏరా, పిట్ట దగ్గర కూలికి కుదిరావా?" అని ఒకాయన అడిగాడు. అలా చూడడం వల్లే ఆ జంట తిరిగే మేర నాకు తెలిసింది. మా దబ్బచెట్టు, కంచె, అక్క వాళ్ళ ఆముదపు మొక్కలు, బావి పక్క అరటిబోదెలు. అంతే వాటి లోకం. ఖాళీ జాగా దాటడం వాటికి భయం. వీధి దాటి ఎదుటి వరసకు పోవడం ఒక్కనాడూ చూడలేదు. జిల్లేడు దూది కంచెలోనే దొరికేది, సాలెగూళ్ళు చూరులో.

గూడు పూర్తయి, ఆడది గుడ్ల మీద కూర్చోవడం మొదలుపెట్టిన తర్వాత ఒకనాడు అది మేతకు లేచిన సమయంలో దగ్గరకు వెళ్ళి చూశాను. రెండు ఆకుల్ని కలిపి కుట్టిన సంచి. లోపల దూది పరుపు మీద ఎర్ర చుక్కల గుడ్లు మూడు. ఆకు అంచున, తెల్ల పీచుల మధ్య ఎర్ర పోగు. పక్కా రంగు, కొత్త నూలు. ఒక కొస చిల్లులోంచి దూరి బయట విప్పారింది. రెండో కొస గూటి లోపలికి వేలాడుతోంది, దాని చివర చిన్న ముడి ఉంది.

ముడి చూశాను. కుట్టుపిట్ట ముడి వేయదని తెలిసినవాణ్ణి ఆ ఊళ్ళో నేనొక్కణ్ణే. అయినా ఆ క్షణంలో నాకు రంగు తప్ప మరేదీ కనపడలేదు. ఆ పిట్ట దాటని కంచె అవతల ఉన్నది ఒక్క ఇల్లే. మూసిన తలుపు గుర్తొచ్చింది. పొద్దుపోయినా ఆగకుండా వినిపించే మగ్గం నాడె చప్పుడు గుర్తొచ్చింది. "వస్తుందిలేరా" గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం కూడా నేను ఆ ఇంటి అన్నమే తిన్నాను.

ఇక్కడ ఆగి ఒక మాట రాయాలి. నేను కంచె దాటి వెళ్ళి బావను ఒక్కణ్ణే అడిగి ఉండవచ్చు. అప్పుడాయన బావి దగ్గరే కాళ్ళు కడుక్కుంటున్నాడు. "ఎర్ర నూలు ఎక్కడిది బావా?" అంటే చాలు. అడిగితే ఏదో సర్దిచెబుతాడని, నేను కరిగిపోతానని భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. నన్ను మోసం చేసినవాణ్ణి నలుగురిలో నిలబెట్టాలనిపించింది. నా మొదటి చీరను వీధంతా తిప్పినవాణ్ణి అదే వీధిలో తల దించుకునేలా చేయాలనిపించింది. కొడవలి తెచ్చి గూడున్న కొమ్మను గుడ్లతో సహా కోశాను. పిట్టలు రెండూ నా తల చుట్టూ తిరిగి అరిచాయి. వాటిని చేత్తో అదిలించాను.

సాయంత్రాలు మా వీధి పెద్దలు పడుగులు సాగదీసే చోట, గుంజల దగ్గర కూర్చునేవారు. కొమ్మ తీసుకెళ్ళి వాళ్ళ మధ్య పెట్టాను. బావను పిలిపించారు. ఏం గొడవోనని ఆడవాళ్ళు అరుగుల మీదికి వచ్చారు. అక్క కూడా వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. నేను చెప్పవలసిందంతా చెప్పాను. పిట్ట ఎక్కడెక్కడ తిరుగుతుందో, ఎక్కడికి పోదో కూడా చెప్పాను. ఎవరో నవ్వి, "రెక్కలున్న సాక్షిని తెచ్చావు," అన్నారు. తక్కినవాళ్ళు నవ్వలేదు.

బావ వంగి గూడు చేతిలోకి తీసుకున్నాడు. ఎర్ర పోగును వేలితో మెల్లగా లాగాడు. చివరి ముడి బయటికి వచ్చింది. దాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత తలెత్తాడు. నా వైపు చూడలేదు. గుమ్మంలో ఉన్న అక్క వైపు చూశాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఊడ్చిపారేస్తే గాలికి ఎగిరిన పోగు కాదు అది. మూసిన తలుపు వెనక ఎర్ర అంచు పడుగు ఎక్కినప్పుడు, ఒక్క పోగు కూడా బయటపడకూడదని మొగుడు చెప్పినా, ఆనవాయితీ తప్పక ముడివేసి అక్క కంచెకు తగిలించింది. ఎవరి మగ్గం పేరు తలుచుకుని తగిలించిందో నేనెవర్నీ అడగక్కర్లేదు.

బావ బొంకలేదు. నా వంతు తెల్ల నూలు బెజవాడలో ఒక వర్తకుడికి ఇచ్చి, అతను దాచిన ఎర్ర నూలు తెచ్చుకున్నానని ఒప్పుకున్నాడు. "రెండు మగ్గాలూ అరకొరగా ఆడితే రెండిళ్ళూ పస్తులే. ఒక్కటన్నా నిండుగా ఆడితే వాడికి నేనే పెడదామనుకున్నా," అన్నాడు. పెద్దాయన అడిగాడు: "ఆ మాట వాడికెందుకు చెప్పలేదయ్యా?" బావ గూడు కింద పెట్టాడు. ఈ రోజుకీ నాకు మంట పుట్టించేది ఆ నూలు కాదు. నా ఎదురుగా కూర్చుని, నాకు దిగులు వద్దని చెబుతూ తిన్న ఆ భోజనాలు.

ఆయన పడుగు మీద వీధిలో ఎవరూ చెయ్యి వేయకూడదని పెద్దలు తీర్పు చెప్పారు. వినడానికి చిన్న శిక్ష. కానీ పడుగును వీధి పొడుగునా సాగదీసి గంజిపెట్టి ఆరబెట్టడానికి పదిమంది చేతులు కావాలి. ఆ చేతులు లేని ఇంట్లో మగ్గం నడవదు. ఆ శిక్ష బావ ఒక్కడికే పడిందా? అక్క నూలు కండెలు చుట్టి ఇచ్చిన మగ్గం అది. ఆమె పొయ్యి వెలిగేది దాని మీదే.

ఆ సాయంత్రమే కొమ్మను తెచ్చి దబ్బచెట్టుకు నూలుతో గట్టిగా కట్టాను, ముడి మీద ముడి వేసి. ఒక గుడ్డు పగిలింది, రెండు మిగిలాయి. ఆడపిట్ట వచ్చి పై కొమ్మ మీద వాలింది. తల వంచి గూట్లోకి చూసి, కోసిన ఆకులు వాడి ముడుచుకుపోతుంటే ఎగిరిపోయింది. మళ్ళీ దానికేసి రాలేదు. అరుపులు మాత్రం అరటిబోదెల వైపు నుంచి రెండు మూడు రోజులు వినిపించాయి.

నా వంతు నూలు నాకు దక్కింది. శ్రావణంలో నా మగ్గం ఆడింది. అదే శ్రావణంలో బావ తన మగ్గం విప్పి, బెజవాడ బజారులో ఆ వర్తకుడి కొట్టులో పనికి కుదిరాడు. నేను పోవలసిన చోటికి ఆయన పోయాడు. బండి ఎక్కబోతూ అక్క కంచె దగ్గరకు వచ్చింది. ఆమె చెంప కమిలి ఉంది. నేను ఏదో అనబోయాను.

"నీ మగ్గం ఆడాలని తగిలించానురా," అంది. "నీతో చెప్పే ధైర్యం లేక."

అంతే. తిట్టలేదు. బావ చేసిన మోసం నేను వీధిలో పెట్టి చూపించాను. నేను అక్కకు చేసినదాన్ని ఆమె ఎవరికీ చూపించలేదు.

ఆ తర్వాత బెజవాడ వెళ్ళినప్పుడల్లా వాళ్ళింటికి పోయేవాణ్ణి. గోదాము మీద మేడగది. పెరడు లేదు, చెట్టు లేదు. బావ తొందరగానే మామూలు మనిషయ్యాడు. కాఫీ ఇచ్చి, బజారు కబుర్లు చెప్పేవాడు. మోసపోయినవాడికీ మోసం చేసినవాడికీ మధ్య ఎలాగో లెక్క సరిపోయింది. అక్క మాత్రం నాతో మాట్లాడేది కాదు. వడ్డించేది. ఇంకేమన్నా కావాలేమో అడగమని పిల్లలతో చెప్పేది. క్షమించమనే మాట ప్రతిసారీ బస్సులో నోట్లో తిప్పుకుంటూ వెళ్ళి, ప్రతిసారీ అలాగే వెనక్కి తెచ్చుకునేవాణ్ణి.

యుద్ధం అయిపోయాక ఒకసారి మగ్గానికి కర్ర కోసం కొండపల్లి అడవికి వెళ్ళాను. అక్కడ టేకు మొక్కల్లో అదే అరుపు. ఒక్క పెద్ద ఆకునే పొట్లంలా మడిచి కుట్టింది. మనిషి చేతి పోగు ఒక్కటీ లేదు, అంతా సాలెగూడూ బూరుగు దూదీ. దానికి మా నూలు ఎన్నడూ అవసరం లేదని అప్పుడు తెలిసింది. తగిలించినవాళ్ళకే అది అవసరం.

ఆ తర్వాతి తొలకరికి మా దబ్బచెట్టులో మళ్ళీ గూడు పడింది. నేను దగ్గరకు పోలేదు, బావి గట్టు మీద నుంచే చూశాను. బెజవాడ వెళ్ళినప్పుడు, బావ కొట్టు నుంచి ఇంకా రాని వేళ, అన్నం ముందు కూర్చుని క్షమించమనబోయి, "దబ్బచెట్టులో కుట్టుపిట్ట మళ్ళీ గూడు పెట్టిందక్కా," అన్నాను.

మజ్జిగ పోస్తున్న ఆమె చెయ్యి ఆగింది.

"దేంతో కుట్టింది?" అంది.

"జిల్లేడు దూదితో."

"అది మేలు," అని, మజ్జిగ పోసి, గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది.