స్విచ్చి దగ్గర మనిషి

పన్ను నొప్పెడితే కటింగ్ ప్లయరుతో తనే పీక్కున్న మనిషి కోటిలింగం. గడ్డపార జారి పిక్క చీలిన రోజున గోనెసంచులు కుట్టే సూదిని మంట మీద కాల్చి, ఐదు కుట్లు తనే వేసుకున్నాడు. నీళ్ళ చెంబు పట్టుకుని పక్కన నిలబడ్డ పెళ్ళాం నాంచారమ్మ ఆ రక్తం చూడలేక కళ్ళు మూసుకుంటే, నీళ్ళు ఒలుకుతున్నాయని తిట్టాడు కూడా. నొప్పి అతనిది, తిట్లు ఆవిడవి. ఆ ఇంట్లో పంపకం ఎప్పుడూ అలాగే ఉండేది.

అతని తండ్రి గుంటూరు వైపు నుంచి బళ్ళారి దగ్గర కప్పగల్లు పక్కకి వలసొచ్చి, తుమ్మపొదలు నరికి మడి చేసుకున్నాడు. కొత్త చోట అడిగితే పలికేవాడు లేక అన్నీ తనే చేసుకున్నాడు పాపం. తండ్రికి గత్యంతరం లేనితనం కొడుక్కి పొగరై కూర్చుంది. మోటారు కాలితే కోటిలింగమే కొత్త తీగ చుట్టుకునేవాడు, పొట్టేలుని తనే కోసేవాడు, గుండు తనే గీసుకునేవాడు. బళ్ళారిలో పొద్దస్తమానం జీన్సు ప్యాంట్లకి గుండీలు మాత్రమే వేసి బతికేవాళ్ళని చూస్తే అతనికి నవ్వు. కరువొస్తే వాళ్ళు గుండీలు తింటారా అనేవాడు.

కరెంటు పని కూడా అతనిదే. వాళ్ళ పొలాల ట్రాన్స్‌ఫార్మరు రోడ్డుకి బాగా లోపల, మొక్కజొన్న చేను వెనక ఉంది. దాని లైను ఆపే స్విచ్చి మాత్రం రోడ్డు పక్క స్తంభానికి. ఫ్యూజు పోయినప్పుడల్లా కోటిలింగం స్విచ్చి పిడి కిందికి లాగి, చేలో పడి వెళ్ళి పైకెక్కేవాడు. ఎవరూ తెలియక పిడి ఎత్తకుండా నాంచారమ్మ దాని పక్కన నిలబడేది. పద్దెనిమిదేళ్ళు నిలబడింది. ఆవిడ అక్కడ కనబడితే చాలు, కోటిలింగం పైనున్నాడని చుట్టుపక్కల రైతులందరికీ తెలిసిపోయేది.

అసలు ఆ పనికి లైన్‌మన్ యల్లేష్ ఉన్నాడు. రెండేళ్ళ కింద అతను ఒక పూట ఆలస్యంగా వచ్చాడని కోటిలింగం నడిరోడ్డు మీద అతని చెంప పగలగొట్టాడు. యల్లేష్ కిందపడ్డ చేతి తొడుగులు దులుపుకుని, బండెక్కి వెళ్ళిపోయాడు. నాంచారమ్మకి ఆ రోజు సిగ్గుతో ముద్ద దిగలేదు. కొట్టిన మనిషిని మళ్ళీ పిలవడానికి కోటిలింగానికి నోరు రాలేదు.

కిందటేడు పంట పాలు పోసుకునే రోజుల్లో కాలువకి నీళ్ళు కట్టేశారు. ఇక బోరే దిక్కు అనుకుంటుంటే ఫ్యూజు పోయింది. రెండు రోజుల్లో తడి పెట్టకపోతే కంకులన్నీ తాలే. అయినా నాంచారమ్మ కదల్లేదు. ముందు వారమే పైన నిప్పులు రాలి మొగుడి కనుబొమ కాలడం చూసింది. యల్లేష్‌ని పిలవమంది, లేకపోతే తను స్విచ్చి దగ్గరికి రానంది. కోటిలింగం అన్నం పళ్ళెం గోడకేసి కొట్టాడు. అదే చేత్తో ఆవిణ్ణీ కొట్టాడు. కింది పెదవి చిట్లింది.

"నిలబడటం కూడా ఒక పనేనా? నీ బదులు నా తువ్వాలు నిలబడుద్ది."

అని వెళ్ళిపోయాడు. నాంచారమ్మ రక్తం ఉమ్మి, పోతే పోనీ అనుకుంది. నిజంగానే అనుకుంది. గోడకంటిన మెతుకులు తుడిచి, అంట్లు ముందేసుకుంది. సగం తోమిన గిన్నె అక్కడే పడేసింది. మసి చేతులతోనే రోడ్డు మీదికి పరుగెత్తింది.

మలుపు తిరిగేసరికి పిడికి కట్టిన తువ్వాలు కనబడింది. దాని ముందు పక్కచేను శివన్న. అతని వరీ ఎండుతోంది, అతని మోటారుకీ ఆ ట్రాన్స్‌ఫార్మరే గతి. తువ్వాలు విప్పి భుజాన వేసుకుంటున్నాడు. నాంచారమ్మ గొంతు చించుకుని అరిచింది. అప్పటికే శివన్న పిడి పైకెత్తేశాడు.

చేను వెనక తుపాకి పేలినట్టు చప్పుడైంది.

ఆవిడ శివన్నని ఒక్క తోపు తోసి ముందు పిడి కిందికి లాగింది. తర్వాతే చేలో పడింది. ఆకులు మొహం కోస్తున్నా ఆగలేదు. పైన ఇనుప చట్రంలో కోటిలింగం తలకిందులుగా ఇరుక్కుని ఉన్నాడు. చొక్కా మండుతోంది. వెనకే వచ్చిన శివన్న పైకెక్కి, ఆ మంటని తన ఒంటికేసి నొక్కి ఆర్పి, అతన్ని దింపాడు. కుడిచెయ్యి మోచేతి దాకా బొగ్గు. ఎడమచేతి తోలు ఊడి వేళ్ళకి వేలాడుతోంది. కోటిలింగం కేకలు రోడ్డు దాకా వినబడ్డాయి.

ఆసుపత్రికి తీసుకెళ్ళే టెంపో వచ్చేలోపు నాంచారమ్మ గట్టు మీద రాయి తీసుకుని శివన్న మూతి మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. రెండు పళ్ళు రాలాయి. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"నువ్వు ఆడ లేకపోతివి కదక్కా," అన్నాడు, నోటి నిండా నెత్తురుతో. "నువ్వు లేవంటే పైన ఎవురూ లేరనుకొంటి. తువ్వాలు ఎవురో మరిసిపోయినారనుకొంటి."

రాయి చేతిలోంచి జారిపోయింది. స్విచ్చి దగ్గర లేని తనని తనే కొట్టుకుంటోందని ఆవిడకి అప్పుడు తెలిసింది.

బళ్ళారి ఆసుపత్రిలో కుడిచెయ్యి మోచేతి దగ్గర తీసేశారు. ఎడమచేతికి రెండు వేళ్ళు మిగిలాయి. అన్నీ తనే చేసుకున్న మనిషికి ఇప్పుడు లుంగీ ముడి కూడా నాంచారమ్మే వెయ్యాలి. మొదటి నెల అతను మెతుకు ముట్టనని మొహం తిప్పుకుంటే, ఆవిడ దవడలు నొక్కి నోట్లో కుక్కింది. ప్రేమతో చేసిందని ఎవరైనా అంటే నేను నమ్మను. ఆవిడ పెదవి మీది మచ్చ ఇంకా పోలేదు.

ఏడాదికి ఫ్యూజు మళ్ళీ పోయింది. నాంచారమ్మ యల్లేష్‌కి ఫోను చేసింది. అతను వచ్చి, తొడుగులు వేసుకుని, పిడి కిందికి లాగి చేలోకి వెళ్ళాడు. ఆవిడ రోడ్డు మీదికి వచ్చేసరికి స్విచ్చి దగ్గర కోటిలింగం ఉన్నాడు. రెండు వేళ్ళకి పట్టు చాలక, పిడికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఎండ మాడ్చేస్తోంది. అటు వచ్చిన శివన్న నీడకి పొమ్మని, తను నిలబడతానని అన్నాడు.

"కదిలించమాక శివన్నా," అన్నాడు కోటిలింగం. "పనిలో ఉన్నాను."

నాంచారమ్మ చెంబు అతని నోటికి ఎత్తి పట్టింది. గుటకలు వేస్తూ కూడా అతను పిడి మీంచి వీపు తియ్యలేదు.